ఎడమచేతి కింద మూడు కీలు

తవిటయ్య కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. ఓడరేవు బొగ్గు యార్డులో నాలుగో కన్వేయర్ బెల్టు కింద పేరుకున్న బొగ్గు ఎత్తుతుండగా, ఆపి, కదలకుండా లాక్ వేసి ఉన్న బెల్టు కదిలింది. కంట్రోల్ రూములో ఆ రోజు డ్యూటీలో ఉన్నది నజీర్. లాక్ తీసింది ఆయనేనని తేల్చి, ఎంక్వైరీ పూర్తయ్యేదాకా గేటు లోపలికి రావద్దన్నారు. తాను తియ్యలేదని, ఎవరో వేరే కంప్యూటర్ ముందు కూచుని తీశారని, అలా తీసినప్పుడు తెర అడుగున తీసినవాళ్ళ పేరుతో ఒక పసుపు పట్టీ కనిపించి అంతలోనే పోతుందని నజీర్ మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు.

మధులత నమ్మింది. నజీర్ కుర్చీలో ఇప్పుడు ఆమే కూచుంటోంది. కిందటిసారి ఓడ వచ్చినప్పుడు, బెల్టు కింద దిగిన మనిషి పైకొచ్చేసిన మరుక్షణం, ఆ పసుపు పట్టీ ఆమె కంటా పడింది. పేరు చదివేలోపల మాయమైంది.

రేపు ఎంక్వైరీ. ఈ మధ్యాహ్నం మళ్ళీ ఓడ వచ్చింది.

"అక్కా, ప్రింట్ స్క్రీన్ కీ నొక్కకు," అంది ఆస్రా ఫోన్లో. "నొక్కితే ఫొటో తీస్తాది గానీ, దీనికి పేరేటి పెట్టమంటావు, ఎక్కడ దాయమంటావు అని తెర నడుమ పెద్ద పెట్టె తెరిసి అడుగుతాది. అది మూసేలోగా ఎవలైనా సూసేరంటే అయిపోనాది."

ఆస్రా నజీర్ కూతురు. డిగ్రీ ఆఖరి సంవత్సరం, కంప్యూటర్స్. కంట్రోల్ రూములో లాగే వాళ్ళ కాలేజీ ల్యాబు కంప్యూటర్లలోనూ ఉచితంగా దొరికే లైనక్సే. వన్‌టౌన్‌లో వాళ్ళింటి మేడమెట్ల మీద కూచుని మాట్లాడుతోంది. వెనక ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మరేటి సెయ్యమంటావు?" కెమెరా లేని పాత ఫోన్ను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి అడిగింది మధులత.

"అడక్కండా తీసి దాసీసేది మనమే తయారు సేసుకోవాల. దానికి మనకి నచ్చిన కీలు పెట్టుకోవచ్చు. నాను సెప్పినట్టు టైపు సెయ్యి."

కంట్రోల్ రూములో ఆమె ఒక్కతే ఉంది. వ్యాగన్ల లోడింగు చూసే కన్నబాబు భోజనానికి వెళ్ళాడు. అద్దాల అవతల, బొగ్గు పొడి పట్టి మసకబారిన ఎండలో, ఓడ ఆగే బెర్త్ దగ్గర్నించి యార్డు దాకా బెల్టులు ఒకదాని మీదికి ఒకటి బొగ్గు పోసుకుంటూ కదులుతున్నాయి. కిందటేడు దొంగ సాఫ్ట్‌వేర్ మీద దాడులు జరుగుతున్నాయని భయపడి కంపెనీవాళ్ళు ఇక్కడి కంప్యూటర్లన్నిటికీ లైనక్స్ వేయించారు. ఏ బొమ్మ నొక్కితే బెల్టుల పటం వస్తుందో తప్ప ఆపరేటర్లకు మరేమీ తెలియదు. నేర్పినవాళ్ళూ లేరు.

బెల్టుల పటాన్ని పక్కకు జరిపి, ఆస్రా చెప్పిన తెల్లటి పేజీ తెరిచింది మధులత. తెర మొత్తం ఫొటో తియ్యమని ఒక ఆజ్ఞ. ఫొటో పేరులోనే తీసిన టైము కూడా పడాలని దాని వెనక ఇంకొంత.

"టైమెందుకు?"

"లేపోతే రెండోసారి తీసిన ఫొటో మొదటిదాని మీద పడి సెరిపీస్తాది."

ఒక్కొక్క అక్షరం చెప్పించుకుంటూ, ఖాళీ ఎక్కడ వదలాలో, అడ్డగీత ఎక్కడ పెట్టాలో రెండేసిసార్లు అడుగుతూ టైపు చేసింది. తరవాత ఆస్రా ఇంకో ప్రోగ్రాము తెరిపించింది. ఎడంపక్క కొమ్మలు కొమ్మలుగా ఎన్నో పేర్లున్నాయి. వాటిలోంచి ఒక్కొక్కటి విప్పుకుంటూ లోపలికి పోతే చివర్న 'కమాండ్ వన్' అని ఒక ఖాళీ గడి. దానిలో ఇందాక రాసిన ఫైలు పేరు పెట్టింది. ఇంకోచోట అదే కమాండ్ ఎదురుగా 'డిసేబుల్డ్' అని ఉంది.

"అది తుడిపీసి కీల పేర్లు రాయి. కంట్రోల్, ఆల్ట్, పి. పి అంటే ఫొటో అని గుర్తుంటాది."

మధులత కీబోర్డు వైపు చూసింది. పి కీ కుడిచేతి వైపుంది. బల్ల కుడి అంచున ఎర్రటి బటన్ ఉంది, అరచెయ్యంత. దాన్ని కొడితే యార్డులోని బెల్టులన్నీ ఆగిపోతాయి.

"పి వద్దే. ఎస్ పెడతాను. కంట్రోల్, ఆల్ట్, ఎస్. మూడూ ఎడంచేత్తోనే అందుతాయి. కుడిచెయ్యి నాకు ఖాళీగా ఉండాల."

ఎందుకని ఆస్రా అడగలేదు. తవిటయ్యను ఆస్పత్రిలో చూసి వచ్చిన పిల్ల అది.

మూడు కీలు నొక్కింది మధులత. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కింది. ఫొటోలు పడాల్సిన ఫోల్డరు ఖాళీగానే ఉంది.

"అవలేదే."

"ఆ ఫైలుకి నడిచే పర్మిషనివ్వలేదక్కా మనం. నాను మర్సిపోనాను. ఉండు, సెప్తాను."

ఇంకో ఆజ్ఞ. మళ్ళీ మూడు కీలు. ఈసారి కంప్యూటర్ పెట్టెలోంచి 'కీక్' మని ఒక కూత వచ్చింది. ఆ వెంటనే మరి రెండు. ఆ గదిలో అవి ఈలలంత గట్టిగా వినపడ్డాయి.

నడవలో నడుస్తున్న అడుగులు ఆగాయి.

మధులత ఫోన్ను ఒళ్ళోకి జార్చి, బెల్టుల పటాన్ని మీదికి లాగేసరికి తలుపు తెరుచుకుంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఉమాశంకర్. గోదావరి జిల్లా మనిషి. ఉద్యోగంలో చేరి విశాఖపట్నం వచ్చి ఇక్కడే జుట్టు నెరిసింది. గట్టిగా కోప్పడడు, గట్టిగా నవ్వడు.

"ఏంటమ్మా ఆ కూత?"

"కీబోర్డు మీద సెయ్యి పడిపోనాదండి."

ఆయన తెర వైపు చూశాడు. కదులుతున్న బెల్టులన్నీ పచ్చగా ఉన్నాయి. "ఓడ సాయంత్రానికి కదలాలి. ఎక్కడా ఆగకూడదు. బెల్టాగితే పైనుంచి నన్ను తింటారు. నేను జెట్టీ మీదుంటాను, వాకీటాకీ దగ్గర పెట్టుకో," అన్నాడు. తలుపు మూయబోతూ ఆగి, "రేపటి ఎంక్వైరీకి నిన్నూ పిలుస్తారు. నజీర్ మీద జాలితో ఏదేదో మాట్లాడకు. చిన్నదానివి, ఉద్యోగం చేసుకో," అన్నాడు.

"అలాగేనండి."

ఇనుప మెట్లు దిగిపోతున్న చప్పుడు పూర్తిగా పోయాక ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"సైలెంట్ అని ఒక మాట తగిలించాలక్కా దానికి," అంది ఆస్రా. "అది లేపోతే కూస్తాదని నాకు తెలీదు. ల్యాబులో స్పీకర్లుండవు."

ఆ మాట తగిలించింది. మూడు కీలు నొక్కింది. గదిలో చప్పుడు లేదు, తెర మీద మార్పు లేదు. ఫోల్డరులో మాత్రం ఇంకో ఫొటో పడింది. తెరిచి చూస్తే అడుగునున్న గడియారంతో సహా అంతా ఉంది.

"పడిందే."

"దీన్ని బైటికెలా తెస్తావు? మెయిల్ సెయ్యడానికి నెట్ లేదంటన్నావు."

"పెన్‌డ్రైవ్ పెట్టే సోట్లు కూడా టేపేసి మూసేసేరు. ముందు పేరు పడనీ. తరవాత సూద్దాం."

ఆ మాట అంటుండగానే వాకీటాకీ గరగరలాడింది. వీర్రాజు. తవిటయ్య స్థానంలో ఇప్పుడు నాలుగో బెల్టు దగ్గర పని చేస్తున్నది అతనే. కంచరపాలెం రైల్వే గేటు అవతల ఇల్లు. కిందటి నెల కూతురు పుట్టిందని అందరికీ లడ్లు పంచాడు.

"మధమ్మా, నాలుగు కింద బొగ్గు పోగడిపోనాది. రోలర్‌కి తగిలీసింది. నాను దిగి తీసీస్తాను. లాకెయ్యి."

ఆమె నాలుగో బెల్టు ఆపి లాక్ వేసింది. పటంలో ఆ గీత ఎర్రగా మారింది. దాని వెనకాల మూడో బెల్టు బొగ్గును పక్క కుప్ప మీదికి మళ్ళించుకుంటూ తిరుగుతూనే ఉంది. ఇప్పుడెవరైనా లాక్ తీస్తే చాలు. మూడోది తిరుగుతోంది కాబట్టి నాలుగోది ఒక్క క్షణం సైరన్ కూసి తనంతట తానే కదులుతుంది. తవిటయ్యకు జరిగిందీ అదే.

"ఏసీసాను వీర్రాజూ. బేగీ ఒచ్చీ."

"ఒచ్చీత్తాను."

ఆమె ఫోన్ ఆపెయ్యకుండానే బల్ల మీద పెట్టింది. ఎడంచేతి వేళ్ళు మూడు కీల మీద ఆనించింది. పొద్దుటినుంచి ఆ పసుపు పట్టీ రావాలని కోరుకుంటూ కూచుంది. ఎప్పుడొస్తుందో ఇప్పుడు అర్థమైంది. బెల్టుకు లాక్ పడితేనే ఎవరైనా దాన్ని తీస్తారు. బెల్టు కింద మనిషి ఉంటేనే లాక్ పడుతుంది. తాను ఎదురుచూస్తున్నది వీర్రాజు ప్రాణం మీదికి రావడం కోసమే. కన్వేయర్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో పక్కన కుర్చీ వేసి కూచోబెట్టి పని నేర్పినవాడు నజీర్. 'బొగ్గు ఆలస్యమైతే మళ్ళీ ఓడొస్తుంది బేటీ, మనిషి పోతే రాడు' అని ఎప్పుడూ అనేవాడు. ఆయన్ని కాపాడ్డానికి ఇంకో మనిషిని ఎరగా పెట్టిందని తెలిస్తే ఆయనే తన మొహం చూడడు.

వీర్రాజును పైకి రమ్మని చెప్పడానికి వాకీటాకీ అందుకుంది. అందులో ఉమాశంకర్ జెట్టీ మీంచి క్రేన్ వాళ్ళతో మాట్లాడుతున్నాడు.

నాలుగో గీత పచ్చబడింది.

యార్డులో సైరన్ మొదలైంది. వాకీటాకీ చేతిలోంచి జారిపోయింది. కుడి అరచేత్తో ఎర్ర బటన్ మీద తన బరువంతా వేసి కొట్టింది. ఆ దెబ్బకు మణికట్టు కలుక్కుమంది. ఎడంచేతి వేళ్ళు కీలను నొక్కాయి, వదిలాయి, మళ్ళీ నొక్కాయి. పట్టీ ఉందో పోయిందో ఆమె చూడలేదు. అద్దాల అవతల చూస్తోంది.

మూడు ఆగింది. రెండు ఆగింది. ఒకటి ఆగింది. నాలుగు ఇక్కడికి కనపడదు.

కింద పడిన వాకీటాకీ వెతికి పట్టుకుంది. "వీర్రాజూ. వీర్రాజూ, సెప్పు."

గరగర తప్ప మరేమీ లేదు.

"వీర్రాజూ, బాబూ, ఏదో ఒకటి సెప్పు."

"ఉన్నానమ్మా." గొంతు ఎక్కణ్ణించో లోతునుంచి వచ్చింది. "జానెడు కదిలి ఆగిపోనాది. సొక్కా పట్టీసింది. సింపుకుని ఒచ్చీసాను." కాసేపు ఊపిరి మాత్రం వినపడింది. "ఎవులు తీసేరమ్మా లాకు?"

"బైటే ఉండు. నాను సెప్పినా మల్లీ దిగకు."

మళ్ళీ నాలుగో బెల్టుకు లాక్ వేసి, ఫోల్డరు తెరిచింది. కొత్త ఫొటోలు రెండు పడి ఉన్నాయి; రెండోదాంట్లో పట్టీ లేదు. మొదటిదాన్ని పెద్దది చేసింది. తెర అడుగున పసుపు పట్టీ, దాని మీద ఇంగ్లీషులో చిన్న నల్లటి అక్షరాలు. నాలుగో లాక్ తీసినది నజీర్. తీసిన కంప్యూటర్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గదిలోది.

రెండుసార్లు చదివింది. బల్ల మీదున్న ఫోన్ తీసింది.

"ఆస్రా, మీ అబ్బా ఎక్కడున్నారే?"

"నా పక్కనే. అన్నీ విన్నారు."

నజీర్ గొంతు వచ్చింది. "ఎవరైనా పడ్డారా బేటీ?"

"లేదు భాయ్. ఒచ్చీసాడు. బాగున్నాడు."

అవతల ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు. ఆయన ఏడుస్తున్నాడని ఆమెకు తెలిసింది. తరవాత మెల్లగా అడిగాడు. "పేరు పడిందా?"

"పడింది భాయ్. మీ పేరే. ఇప్పుడు, ఈ యార్డులో, ఉమాశంకర్ గారి గదిలోంచి మీరే లాక్ తీసినట్టుంది."

"నేను ఇంట్లో ఉన్నాను కదా."

"అదే కదా భాయ్ కావాల్సింది. మీ పేరుతో ఇంకెవలో తీస్తన్నారు."

ఇనుప మెట్లు దడదడలాడాయి. ఫోన్ ఆపి సంచిలో వేసుకుంది.

ఉమాశంకర్ పరుగున వచ్చాడు. మొహం మీద చెమట, దాని మీద బొగ్గు చారలు. "ఎవరాపారు?"

"నానేనండి."

"ఓడ కెప్టెన్ అరుస్తున్నాడక్కడ. ఎందుకాపావు?"

"నాలుగు లాక్ ఎవలో తీసీసేరండి. వీర్రాజు కిందున్నాడు."

"లాక్ నువ్వు తప్ప ఎవరు తీస్తారు? పొరపాటున తీసేసి భయపడి ఆపేశావు. నజీరూ ఇదే మాట చెప్పాడు, ఇదే కుర్చీలో కూచుని." ఆయన తెర వైపు వేలు చూపించాడు. "చూడు, లాక్ వేసే ఉంది. పట్టీ ఏదమ్మా? ఏది?"

ఈయనకు చూపించాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించింది. ఫొటోలో ఉన్నది ఈయన గదే. కానీ లాక్ పోయిన సమయంలో వాకీటాకీలో ఈయన జెట్టీ మీద క్రేన్ వాళ్ళతో మాట్లాడటం ఆమె చెవులారా విన్నది. తీసింది ఈయన కాదు. ఈయన సాక్ష్యం చెబితే రేపు నజీర్ గట్టెక్కుతాడు.

ఫొటో తెరిచింది.

ఉమాశంకర్ వంగి చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. గదిలో బెల్టుల హోరు లేక, గోడ గడియారం కూడా వినపడుతోంది.

"ఇది నా గది," అన్నాడు.

"అవునండి."

"నేను జెట్టీ మీదున్నాను."

"తెలుసండి. మీ మాట వింతానే ఉన్నాను."

ఆయన కన్నబాబు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మనిషి ఒక్కసారిగా కుంగిపోయినట్టు కనిపించాడు. మధులతకు ఆయన మీద కోపం రావాలో జాలి పడాలో తెలియలేదు.

"మీకు తెలీదేటండి ఇది?" అని అడిగింది.

"ఓడ వచ్చిన రోజున గది తాళం వెయ్యొద్దంటారు. వెయ్యను. అంతకుమించి నేనేమీ అడగలేదు." చేతుల వైపు చూసుకుంటూ అన్నాడు. "అడిగే ధైర్యం లేదనుకో."

"ఎవరండీ అలాగన్నది?"

ఆయన నోరు తెరిచాడు. చెప్పబోతున్నాడు. అప్పుడే ఆయన చూపు ఆమె భుజం మీదుగా తెర మీదికి పోయి అక్కడే నిలిచిపోయింది.

నాలుగో గీత మళ్ళీ పచ్చబడింది. ఎర్ర బటన్ కొట్టి ఉంది కాబట్టి బెల్టు కదలలేదు. అడుగున పసుపు పట్టీ వెలిగింది. ఈసారి దాని మీద నజీర్ పేరు లేదు.

మధులత అని ఉంది.

ఆమె ఎడంచెయ్యి దానంతటదే కీల మీదికి పోయింది. ఒక్కసారి నొక్కి వదిలింది. పట్టీ పోయింది. నజీర్ గేటు బయట ఉన్నాడన్న సంగతి ఉమాశంకర్ గదిలో ఉన్నవాళ్ళకు ఇప్పుడు గుర్తొచ్చి పేరు మార్చినట్టుంది.

"మీరు సూసేరు కదండీ," అంది. "లాక్ పోయినప్పుడు నాను మీ కేసి తిరిగి మాటాడతన్నాను. ఇక్కడేటీ ముట్టుకోలేదు. మీ ఎదురుగుండానే ఉన్నాను."

"చూశాను," అన్నాడు ఉమాశంకర్.

బల్ల మీది ఆఫీసు ఫోన్ మోగింది. చిన్న గడిలో పడిన నంబరు ఆయన గదిదే. ఇద్దరూ దాన్ని చూశారు. మధులత చెయ్యి చాపబోతే ఆయన వారించి, తానే ఎత్తాడు. ఎత్తగానే లేచి నిలబడ్డాడు.

"సార్... ఇక్కడే ఉన్నాను సార్... లేదు సార్, ఎవరికీ ఏం కాలేదు." చాలాసేపు విన్నాడు. అవతలి గొంతు మామూలుగా, తొందరేమీ లేనట్టు మాట్లాడుతోంది; మాటలు మాత్రం తెలియడం లేదు. "ఆ అమ్మాయే ఆపింది సార్... ఆ, పొరపాటున తీసేసినట్టుంది సార్."

మధులత ఆయన మొహంలోకి చూసింది. ఆయన గోడ వైపు తిరిగాడు.

"కంప్యూటర్లోనా సార్?" అక్కడ ఆగాడు. రిసీవరు పట్టుకున్న చేతి మీద నరాలు తేలాయి. ఏమీ లేదని ఆయన చెప్పవచ్చు. చెప్పడానికి ఒక్క మాట చాలు. "ఉంది సార్," అన్నాడు చివరికి. "ఒక ఫొటో ఉంది. అలాగే సార్. పంపించండి. నేనిక్కడే ఉంటాను."

ఫోన్ పెట్టేశాడు. "లేమ్మా," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "మనుషులు వస్తున్నారు, ఆ మెషీన్ పట్టుకెళ్ళిపోతారు. నన్నేమీ అడక్కు."

మధులత లేవలేదు. ఫోల్డరులో పట్టీ పడిన ఫొటోలు రెండు. మొదటిది నజీర్ పేరుతో, రెండోది తన పేరుతో. రెండోది తీసినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. ఆమె వేళ్ళు కదలడం చూశాడో లేదో తెలియదు. ఒక ఫొటో అని చెప్పాడు. రెండోది ఉందని తెలియక అన్నాడా, తెలిసీ అన్నాడా?

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాడు. కింద ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఎక్కుతున్నది ఒక్కరు కాదు.

మధులత కుర్చీ ముందుకు లాక్కుని, రెండో ఫొటో వాళ్ళకు దొరక్కుండా దాచడానికి రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టింది.